కొట్టేసిన మూలం ఎక్కడి నుంచి వచ్చింది?

మొదటి_బెంచి
అందరికీ నమస్కారం. నేను ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకున్న అమ్మాయిని. ఒక లెక్క దగ్గర ఆగిపోయాను.

√(ఎక్స్ + 7) = ఎక్స్ − 5

రెండు వైపులా వర్గం చేశాను:
ఎక్స్ + 7 = ఎక్స్² − 10ఎక్స్ + 25
అన్నీ ఒక వైపుకు తెస్తే:
ఎక్స్² − 11ఎక్స్ + 18 = 0
(ఎక్స్ − 9)(ఎక్స్ − 2) = 0
ఎక్స్ = 9 లేదా ఎక్స్ = 2

పుస్తకం వెనక జవాబు 9 ఒక్కటే ఉంది. 2 ప్రతిక్షేపిస్తే ఎడమవైపు 3, కుడివైపు −3 వస్తున్నాయి. అది సరిపోదని నాకూ తెలుస్తోంది. సరిచూసి, సరిపోనిదాన్ని కొట్టెయ్యమని క్లాసులో చెప్పారు. కొట్టేస్తాను. కానీ నా అడుగుల్లో ఏదీ తప్పు కాదు కదా? తప్పు లేని అడుగులు వేస్తూ పోతే తప్పు జవాబు ఎలా వచ్చింది? ఇది తేలకుండా తర్వాతి లెక్క చెయ్యబుద్ధి కావడం లేదు.

గడియారం
పరీక్ష హాల్లో అంత ఆలోచించే వ్యవధి ఉండదమ్మా. వచ్చిన రెండు విలువలనూ ఇచ్చిన సమీకరణంలో పెట్టి చూడు. సరిపోయినది ఉంచు, సరిపోనిది తీసెయ్యి. పది సెకన్ల పని. నేను ఎప్‌సెట్‌కు తయారయ్యే పిల్లలకు చెప్పేది ఇదే.

సుద్దముక్క
అమ్మా, సరిచూడడం తప్పనిసరి, అందులో వాదం లేదు. కానీ నువ్వు అడిగింది వేరు, దానికి జవాబు ఉంది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి, కాస్త నిదానంగా చెబుతాను.

‘ఎ = బి అయితే ఎ² = బి²’ అన్నది ఎప్పుడూ నిజమే. దాన్ని తిరగేసి ‘ఎ² = బి² అయితే ఎ = బి’ అంటే నిజం కాదు, ఎ = −బి కూడా కావచ్చు. వర్గం చేయడం ముందుకు మాత్రమే నడిచే అడుగు. వెనక్కి రావాలంటే దారి రెండుగా చీలుతుంది.

ఇప్పుడు నీ వరుసలన్నీ కలిపి ఏమి చెబుతున్నాయో చదువు. ‘ఇచ్చిన సమీకరణానికి ఎక్స్ మూలమైతే, అంటే అందులో సరిపోయే విలువైతే, అది 9 గానీ 2 గానీ అయి ఉండాలి.’ ఇది నూటికి నూరుపాళ్లు నిజం. ‘9, 2 రెండూ మూలాలే’ అని నీ వరుసలు ఎక్కడా చెప్పలేదు. అది మనం తొందరపడి చదువుకున్నది.

మరి 2 ఎవరిది? ఇంకొక విద్యార్థికి −√(ఎక్స్ + 7) = ఎక్స్ − 5 అనే లెక్క ఇచ్చారనుకో. ఆ పిల్లవాడు రెండు వైపులా వర్గం చేస్తే వాడికీ అచ్చంగా నీ రెండో వరుసే వస్తుంది. అక్కడ మీ ఇద్దరి కాగితాలూ ఒకటైపోయాయి. ఆ కింది వరుసలు చూసి ఏ లెక్క ఎవరిదో చెప్పలేం. అందుకే ఇద్దరి జవాబులూ బయటపడ్డాయి. 2 పెట్టి చూడు: −√9 = −3, 2 − 5 = −3. ఆ పిల్లవాడికి సరిపోయింది.

కొట్టెయ్యి, కానీ అది ఏ లెక్కకు జవాబో చూసి కొట్టెయ్యి.

మొదటి_బెంచి
మాస్టారూ, రెండో వరుసలో రెండు లెక్కలు కలిసిపోవడం అర్థమైంది. ఇంకొక అనుమానం. √9 అంటే 3, −3 రెండూ కదా? అప్పుడు 2 కూడా సరిపోవాలి.

సుద్దముక్క
కాదు తల్లీ. ఎక్స్² = 9 అనే సమీకరణానికి మూలాలు రెండు, 3, −3. √9 అనే గుర్తు మాత్రం ఒక్క సంఖ్యకే పేరు, ఆ సంఖ్య 3. రుణాత్మకమైనది కావాలంటే ముందు రుణ గుర్తు మనమే పెట్టాలి. వర్గ సమీకరణం సూత్రంలో ± అని విడిగా రాసేది అందుకే. √ గుర్తులోనే రెండూ ఉండి ఉంటే ఆ ± అవసరమే లేదు.

దీనివల్ల నీకు ఇంకొక సదుపాయం ఉంది. ఎడమవైపు వర్గమూలం ఉంది, అది రుణాత్మకం కాదు. కాబట్టి కుడివైపు ఎక్స్ − 5 కూడా రుణాత్మకం కాకూడదు. వర్గం చేసే ముందే పక్కన ‘ఎక్స్ ≥ 5’ అని రాసి పెట్టుకో. ఆ షరతు ఉన్నంతసేపూ వర్గం చేసే అడుగు వెనక్కి కూడా నడుస్తుంది. చివర్లో 2 వచ్చినప్పుడు ప్రతిక్షేపించే పని లేకుండానే అది ఆగిపోతుంది.

ఇది చేసి చూపించు: √(ఎక్స్ + 1) + √(2ఎక్స్ + 3) = 5. మూలాలు రెండు వస్తాయి. పనికిరానిది ఏ లెక్కకు జవాబో కూడా చెప్పాలి.

అమ్మ_లెక్క
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా అబ్బాయి పదో తరగతి, వాడితోపాటు నేనూ మళ్లీ లెక్కలు చేస్తున్నాను. ఎక్స్² = 5ఎక్స్ అనే లెక్కకు వాడు రెండు వైపులా ఎక్స్‌తో భాగించి ఎక్స్ = 5 అన్నాడు. నేను కారణాంకాలుగా విడగొట్టి 0, 5 అన్నాను. వాడు 5ని సరిచూసి, ‘సరిపోయింది కదమ్మా’ అంటున్నాడు. పై లెక్కలో ఒక మూలం ఎక్కువ వచ్చింది, ఇందులో ఒకటి తక్కువైంది. రెండూ ఒకే రకం విషయమా?

నీలిసిరా
ఒకదానికొకటి తలకిందులైన విషయాలు. జూనియర్ కాలేజీలో చెబుతాను, జవాబు పత్రాలు దిద్దే పని కూడా ఉంటుంది. ఈ రెండింటిలో నన్ను ఎక్కువ బాధపెట్టేది మీ అబ్బాయి చేసిన పనే.

ఎందుకంటే అదనంగా వచ్చిన మూలం కాగితం మీద కనిపిస్తుంది. ప్రతిక్షేపిస్తే దొరికిపోతుంది. పోయిన మూలం కాగితం మీదే లేదు, ఇక దేన్ని సరిచూస్తాం? 5 సరిపోవడం నిజమే, దానితో 0 సంగతి తేలదు.

రెండు వైపులా ఎక్స్‌తో భాగించినప్పుడు ‘ఎక్స్ సున్నా కాదు’ అని పైకి అనకుండానే ఒప్పుకున్నాం. సున్నాతో భాగించకూడదు కాబట్టి. అలా అయితే ఆ పక్కనే ‘ఎక్స్ = 0 అయితే?’ అనే రెండో వరుస రాయాలి. 0 = 0, సరిపోతుంది, కాబట్టి 0 కూడా మూలమే. బాబుకు చెప్పండి: భాగించడం తప్పు కాదు, భాగించే ముందు ఆ రాశి సున్నా అయ్యే సందర్భాన్ని విడిగా తేల్చాలి. లేదా మీరు చేసినట్టు అన్నీ ఒక వైపుకు తెచ్చి ఎక్స్(ఎక్స్ − 5) = 0 అనడం మేలు.

త్రికోణమితిలో ఇదే మారువేషంలో వస్తుంది. 2 సైన్ ఎక్స్ కాస్ ఎక్స్ = సైన్ ఎక్స్ అని ఉంటే చాలామంది సైన్ ఎక్స్‌ను కొట్టేసి కాస్ ఎక్స్ = 1/2 అంటారు. సైన్ ఎక్స్ = 0 ఇచ్చే సాధనలన్నీ, అంటే 0, π, 2π ఇలా అంతులేని వరుస, ఒక్క గీతతో పోతుంది. పత్రం చూస్తే మిగతాదంతా శుభ్రంగా ఉంటుంది. మార్కులు వెయ్యడానికి చెయ్యి రాదు.

మొదటి_బెంచి
మాస్టారూ, చేశాను.

√(ఎక్స్ + 1) + √(2ఎక్స్ + 3) = 5
వర్గం చేస్తే: 3ఎక్స్ + 4 + 2√((ఎక్స్ + 1)(2ఎక్స్ + 3)) = 25
2√(2ఎక్స్² + 5ఎక్స్ + 3) = 21 − 3ఎక్స్
ఇక్కడ కుడివైపు రుణాత్మకం కాకూడదు, కాబట్టి ఎక్స్ ≤ 7 అని పక్కన రాశాను.
మళ్లీ వర్గం: 8ఎక్స్² + 20ఎక్స్ + 12 = 441 − 126ఎక్స్ + 9ఎక్స్²
ఎక్స్² − 146ఎక్స్ + 429 = 0
(ఎక్స్ − 3)(ఎక్స్ − 143) = 0

3 సరిపోతుంది: 2 + 3 = 5. 143 అనేది 7 కంటే పెద్దది, కాబట్టి కుదరదు. 143 పెడితే √144 = 12, √289 = 17. కలిపితే 29. కానీ 17 − 12 = 5! కాబట్టి 143 అనేది √(2ఎక్స్ + 3) − √(ఎక్స్ + 1) = 5 అనే లెక్కకు జవాబు. రెండు వర్గమూలాల మధ్య + ఉన్నా − ఉన్నా, రెండోసారి వర్గం చేశాక ఒకే వరుస వస్తోంది.

ఇంత పెద్ద సంఖ్య వస్తే ఇదివరకు ఎక్కడో తప్పు చేశాననుకుని మొత్తం కొట్టేసేదాన్ని.

సుద్దముక్క
బాగు బాగు! దీనికి నేను కలపాల్సింది ఏమీ లేదు.

చలరాశి
బీటెక్ చదువుతున్నాను, పాత గణితం అంటే ఇష్టం. కొట్టేసిన మూలం గురించి మాట్లాడుకుంటూ భాస్కరాచార్యుడి కోతుల లెక్కను వదిలెయ్యలేం. 1150లో పూర్తయిన సిద్ధాంత శిరోమణిలోని బీజగణితంలో ఉంది. సారాంశం ఇది: కోతుల మందలో ఐదో వంతు తీసుకుని, అందులో మూడు తగ్గించి, వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలోకి వెళ్లాయి. ఒక్కటి మాత్రం కొమ్మ ఎక్కి కనిపిస్తోంది. మొత్తం ఎన్ని?

(ఎక్స్/5 − 3)² + 1 = ఎక్స్
25తో గుణించి సర్దితే: ఎక్స్² − 55ఎక్స్ + 250 = 0
(ఎక్స్ − 50)(ఎక్స్ − 5) = 0

50 అయితే ఐదో వంతు 10, మూడు తీస్తే 7, వర్గం 49, కొమ్మ మీద ఒకటి, మొత్తం 50. బాగుంది. 5 అయితే ఐదో వంతు 1, అందులోంచి మూడు తియ్యాలి. −2 కోతులు! వర్గం చేస్తే 4, కొమ్మ మీద ఒకటి, మొత్తం 5. అంకెల్లో సరిపోయింది. అయినా రెండో మూలాన్ని ఇక్కడ తీసుకోకూడదనీ, కళ్లకు కనిపించే వస్తువుల లెక్కలో రుణ సంఖ్యను జనం ఒప్పుకోరనీ భాస్కరుడు చెప్పాడు.

మొదటి_బెంచి
అన్నా, ఇది నా లెక్కలాంటిది కాదు. నా 2 ఇచ్చిన సమీకరణంలోనే సరిపోలేదు. ఈ 5 సమీకరణంలో సరిపోతోంది. ప్రతిక్షేపించి చూస్తే దొరకదు కదా?

చలరాశి
సరిగ్గా పట్టుకున్నావు. ఇక్కడ అదనపు మూలం సాధించే అడుగుల్లో రాలేదు, సమీకరణం రాసిన మొట్టమొదటి అడుగులోనే వచ్చింది. కథలో ‘మందలో ఐదో వంతు మూడుకు తక్కువ కాదు’ అనే మాట దాగి ఉంది. దాన్ని మనం సమీకరణంలోకి తేలేదు. తెచ్చి ఉంటే ఎక్స్ ≥ 15 అని పక్కన ఉండేది. ఆ ఒక్క మాట మారిస్తే, అంటే ‘మూడులోంచి ఐదో వంతు తగ్గించి వర్గం చేస్తే’ అని కథ చెబితే, అదే సమీకరణం వస్తుంది, అప్పుడు జవాబు 5, కొట్టెయ్యాల్సింది 50.

మాటల్లో ఇచ్చిన లెక్కలన్నిటికీ ఇది వర్తిస్తుంది. సమీకరణంలో పెట్టి చూడడం చాలదు, మళ్లీ కథలో పెట్టి చూడాలి.

గడియారం
చర్చ బాగుంది, కానీ పిల్లల పరిస్థితి కూడా చూడండి. ఎప్‌సెట్ ఇంజనీరింగ్ విభాగంలో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. అందులో గణితం ఒక్కటే 80. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. ఆప్షన్లలో 9 ఉంటే దాన్ని పెట్టి చూసి ముందుకు పోవాలి. షరతులు రాసుకుంటూ కూర్చునే పిల్ల అరవై ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. సీటు రాకపోతే ఈ అందమంతా ఎవరికి కావాలి? పిల్లల ఇళ్ల పరిస్థితి తెలిసినవాడిగా అంటున్నాను, గణితం మీద గౌరవం లేక కాదు.

నీలిసిరా
మీ మాటను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆప్షన్లు పెట్టి చూడడం కూడా న్యాయమైన పద్ధతే, అది సరిచూడడమే కాబట్టి. కానీ అదే ప్రశ్నను ‘ఈ సమీకరణానికి వాస్తవ మూలాలు ఎన్ని?’ అని మార్చి, ఆప్షన్లుగా 0, 1, 2, 3 ఇస్తే ఏమి పెట్టి చూస్తారు? జేఈఈ మెయిన్‌లో సంఖ్యనే జవాబుగా రాయాల్సిన ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, బోర్డు పరీక్షలో అసలే లేవు. ఎక్స్ ≥ 5 అని రాయడానికి ప్రతిక్షేపించేంత సమయం కూడా పట్టదు. అలవాటైన పిల్లలకు అదే దగ్గరి దారి.

కలనంలో ఇదే ఎలా ఎదురవుతుందో చూపిస్తాను. ఇంటర్ మొదటి సంవత్సరం 1బి పేపర్లలో ఏడు మార్కులకు చాలాసార్లు అడిగిన ప్రశ్న: 30 సెం.మీ. × 80 సెం.మీ. దీర్ఘచతురస్రాకారపు రేకు నాలుగు మూలల్లో ఎక్స్ భుజం ఉన్న చతురస్రాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి మూత లేని పెట్టె చేస్తే, ఘనపరిమాణం గరిష్ఠం కావడానికి ఎక్స్ ఎంత?

లెక్క మొదలుపెట్టకముందే ఒక పాత కాగితం తీసుకుని, మూలలు కత్తిరించి, మడిచి చూడండి. ఎత్తు ఎక్స్. పొడవులో రెండు చివర్లా ఎక్స్ పోయింది, 80 − 2ఎక్స్. వెడల్పు 30 − 2ఎక్స్. చేతిలో కాగితం ఉంటే షరతు దానంతట అదే తెలుస్తుంది. వెడల్పు 30 కాబట్టి రెండు పక్కలా 15 కంటే ఎక్కువ కత్తిరించడానికి కాగితమే లేదు. పైన రాయండి: 0 < ఎక్స్ < 15.

ఘనపరిమాణం = ఎక్స్(80 − 2ఎక్స్)(30 − 2ఎక్స్) = 4(ఎక్స్³ − 55ఎక్స్² + 600ఎక్స్)
అవకలజం = 4(3ఎక్స్² − 110ఎక్స్ + 600)
అవకలజం అంటే ఎక్స్‌తోపాటు ఘనపరిమాణం మారే రేటు, గరిష్ఠం దగ్గర అది సున్నా. దీన్ని సున్నాకు సమానం చేస్తే: 3ఎక్స్² − 110ఎక్స్ + 600 = 0

ఇక్కడి నుంచి మొదటి_బెంచి చేస్తుందా?

మొదటి_బెంచి
చేస్తాను మేడమ్. కారణాంకాలు వెంటనే తట్టలేదు, సూత్రం వాడాను.
విచక్షణి = 110² − 4 × 3 × 600 = 12100 − 7200 = 4900, దాని వర్గమూలం 70.
ఎక్స్ = (110 ± 70)/6, అంటే 30 లేదా 20/3.
30 అనేది 15 కంటే ఎక్కువ కాబట్టి కుదరదు. ఎక్స్ = 20/3 సెం.మీ.
రెండో అవకలజం 4(6ఎక్స్ − 110). 20/3 దగ్గర 4(40 − 110) = −280, రుణాత్మకం, కాబట్టి గరిష్ఠం.
ఘనపరిమాణం 200000/27, సుమారు 7407 ఘన సెం.మీ.

సుద్దముక్క
సూత్రం గుర్తులేని రోజున కూడా ఈ వర్గ సమీకరణం ఆగిపోకుండా ఉండడానికి శ్రీధరాచార్యుడి పద్ధతి చెబుతాను. ఆయన బీజగణిత గ్రంథం మనకు మిగల్లేదు, ఈ నియమం భాస్కరుడు ఎత్తి చూపడం వల్ల నిలిచింది. వర్గ పదం గుణకానికి నాలుగు రెట్లతో రెండు వైపులా గుణించు, తర్వాత మధ్య పదం గుణకం వర్గాన్ని రెండు వైపులా కలుపు. భిన్నాలు ఎక్కడా రావు.

3ఎక్స్² − 110ఎక్స్ = −600
12తో గుణిస్తే: 36ఎక్స్² − 1320ఎక్స్ = −7200
110² కలిపితే: 36ఎక్స్² − 1320ఎక్స్ + 12100 = 4900
(6ఎక్స్ − 110)² = 4900
6ఎక్స్ − 110 = ±70

చలరాశి
మాస్టారూ, మీ చివరి వరుసనూ మొదటి_బెంచి రాసిన రెండో అవకలజాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి! ఆమె రాసింది 4(6ఎక్స్ − 110). మీ దగ్గర ఉన్నది 6ఎక్స్ − 110 = ±70. రెండూ ఒకటే.

ఇది యాదృచ్ఛికం కాదు. ఎ ఎక్స్² + బి ఎక్స్ + సి అనే వర్గ సమాసానికి అవకలజం 2ఎ ఎక్స్ + బి. శ్రీధరుడి పద్ధతిలో వర్గం అయ్యేది సరిగ్గా ఈ 2ఎ ఎక్స్ + బి. మూలాల దగ్గర దాని విలువ ± విచక్షణి వర్గమూలం. అంటే ఘన సమాసాల గరిష్ఠ, కనిష్ఠ లెక్కల్లో, బయటికి తీసిన గుణకం (ఇక్కడ 4) ధనాత్మకమైతే, రెండో అవకలజం మళ్లీ కట్టనక్కరలేదు. −70 ఎంచుకున్న మూలం దగ్గర గరిష్ఠం, +70 ఎంచుకున్న మూలం దగ్గర కనిష్ఠం. ఆ ± గుర్తే ఏది ఏమిటో చెప్పేస్తోంది. −280 ఎక్కడిది? 4 × (−70).

శ్రీధరుడి కాలానికి ఈ కలనం లేదు. ఆయన వర్గం పూర్తి చేయడానికి మాత్రమే ఎంచుకున్న రాశి మనకు అవకలజంగా ఎదురైంది. నాకు ఈ పూట నిద్ర పట్టదు.

గడియారం
ఇది నా పిల్లలకు రేపే చెబుతాను. ప్రతి లెక్కకూ ఒక వరుస తగ్గుతుంది.

అమ్మ_లెక్క
మా అబ్బాయితో కాగితం కత్తిరించి చేశాను. వాడు అడిగిన ప్రశ్న: 30 ఏ లెక్కకు జవాబు?

నీలిసిరా
బాబు ప్రశ్న నాకు బాగా నచ్చింది. 30 పెడితే ఎత్తు 30, పొడవు 20, ‘వెడల్పు’ −30. లబ్ధం −18000. ఎక్స్ విలువ 15కూ 40కీ మధ్య ఉన్నంతసేపూ వెడల్పు రుణాత్మకం, మిగతా రెండూ ధనాత్మకం, కాబట్టి లబ్ధం సున్నా కిందే ఉంటుంది. ఆ మధ్యలో అన్నిటికంటే లోతైన చోటు 30. అంటే ఎక్స్(80 − 2ఎక్స్)(2ఎక్స్ − 30) అనే లబ్ధాన్ని ఆ 15కూ 40కీ మధ్యలో గరిష్ఠం చేయమంటే 30 జవాబు, గరిష్ఠ విలువ 18000. మన రేకుతో మాత్రం దానికి పని లేదు.

ఇంకొక మాట కూడా చెప్పండి. 0 దగ్గరా 15 దగ్గరా ఘనపరిమాణం సున్నా. మధ్యలో ధనాత్మకం. మధ్యలో అవకలజం సున్నా అయ్యే చోటు ఒక్కటే ఉంది. ఇక గరిష్ఠం అక్కడ కాక ఇంకెక్కడ ఉంటుంది? షరతు పైన రాసి ఉంటే రెండో అవకలజం లేకుండా కూడా వాదన పూర్తవుతుంది.

మొదటి_బెంచి
ఇంకొకటి అడుగుతాను. ఎక్స్ సున్నాను సమీపిస్తున్నప్పుడు (సైన్ ఎక్స్)/ఎక్స్ అవధి 1 అని నిరూపించాలి. 0/0 రూపం కాబట్టి లోపిటాల్ సూత్రంతో లవాన్నీ హారాన్నీ విడివిడిగా అవకలనం చేశాను. (కాస్ ఎక్స్)/1, సున్నా దగ్గర 1. ఒక్క వరుసలో అయిపోయింది. ఇందులో ఏ షరతైనా దాగి ఉందా?

చలరాశి
ఉంది. సైన్ ఎక్స్ అవకలజం కాస్ ఎక్స్ అని ఎలా తెలుసు? నిర్వచనం నుంచి రాసి చూడు.

[సైన్(ఎక్స్ + హెచ్) − సైన్ ఎక్స్]/హెచ్ = కాస్(ఎక్స్ + హెచ్/2) × [సైన్(హెచ్/2)]/(హెచ్/2)

హెచ్ సున్నాను సమీపిస్తే మొదటి భాగం కాస్ ఎక్స్ అవుతుంది. రెండో భాగం 1 కావాలి. ఆ రెండో భాగం నువ్వు నిరూపించాల్సిన అవధే! నిరూపించాల్సినదాన్ని ముందే వాడుకున్నావు.

గడియారం
విలువ అడిగినప్పుడు వాడితే తప్పు లేదు. ఆ అవకలజం పుస్తకంలో ముందే నిరూపించినదే కదా.

నీలిసిరా
ఒప్పుకుంటాను. ‘విలువ కనుక్కోండి’ అంటే వాడండి. ‘నిరూపించండి’ అంటే వాడకండి. అప్పుడు వృత్తం గీయాలి.

వ్యాసార్ధం 1 ఉన్న వృత్తంలో కేంద్రం దగ్గర ఎక్స్ కోణం తీసుకోండి, 0కూ π/2కూ మధ్య. లోపలి త్రిభుజం వైశాల్యం (సైన్ ఎక్స్)/2. దాన్ని కప్పే సెక్టరు వైశాల్యం ఎక్స్/2. సెక్టరును కప్పే లంబకోణ త్రిభుజం వైశాల్యం (టాన్ ఎక్స్)/2. కాబట్టి సైన్ ఎక్స్ < ఎక్స్ < టాన్ ఎక్స్. సైన్ ఎక్స్‌తో భాగించాలి. ఈ కోణాల్లో అది ధనాత్మకం, సున్నా కాదు, కాబట్టి భాగించవచ్చు, అసమీకరణం దిశ కూడా మారదు. 1 < ఎక్స్/సైన్ ఎక్స్ < 1/కాస్ ఎక్స్. తలకిందులు చేస్తే కాస్ ఎక్స్ < (సైన్ ఎక్స్)/ఎక్స్ < 1. ఎక్స్ సున్నాకు చేరుతుంటే కాస్ ఎక్స్ 1కి చేరుతుంది, మధ్యలోది కూడా 1కి చేరక తప్పదు. ఎక్స్ బదులు −ఎక్స్ పెట్టినా (సైన్ ఎక్స్)/ఎక్స్ మారదు కాబట్టి ఎడమవైపు నుంచి వచ్చినా అంతే.

మొదటి_బెంచి
మేడమ్, ఫోను కాలిక్యులేటర్‌ను డిగ్రీల్లో పెట్టి సైన్ 1 నొక్కితే 0.01745 వచ్చింది. దాన్ని 1తో భాగించినా అదే. సైన్ 0.1ని 0.1తో భాగించినా మళ్లీ 0.01745. 1కి దగ్గరగా కూడా పోవడం లేదు.

సుద్దముక్క
మేడమ్ గారి వరుసల్లో డిగ్రీలకు చెల్లని అడుగు ఒక్కటే ఉంది. అది ఏదో నువ్వే చెప్పు.

మొదటి_బెంచి
సెక్టరు వైశాల్యం. ఎక్స్/2 అనేది రేడియన్లలోనే నిజం. డిగ్రీల్లో అయితే పదో తరగతిలో చదివిన (ఎక్స్/360) × π వాడాలి, వ్యాసార్ధం 1 కాబట్టి. అంటే πఎక్స్/360. అప్పుడు వరుస ఇలా మారుతుంది: సైన్ ఎక్స్ < πఎక్స్/180 < టాన్ ఎక్స్. మిగతాదంతా మేడమ్ చేసినట్టే. అవధి π/180. కాలిక్యులేటర్‌లో π/180 నొక్కి చూశాను, 0.01745.

అలాగైతే డిగ్రీల్లో సైన్ ఎక్స్ అవకలజం కూడా కాస్ ఎక్స్ కాదు, (π/180) కాస్ ఎక్స్. చలరాశి అన్న రాసిన నిర్వచనంలో రెండో భాగం 1 బదులు π/180 అవుతుంది కాబట్టి.